చిన్న సైజు మాస్కు: సూపర్ హీరోలు నాలుగేళ్ళ పిల్లల దాకా ఎలా దిగొచ్చారు

నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ వైపు నడుస్తుంటే కర్రకి వేలాడుతూ ప్లాస్టిక్ మాస్కులు కనిపిస్తాయి. ఎర్ర స్పైడర్‌మ్యాన్, పచ్చ హల్క్, పక్కనే ఛోటా భీమ్. మొన్నటి నుమాయిష్‌లో ఒకామె మూడేళ్ళ కొడుక్కి స్పైడర్‌మ్యాన్ మాస్కు పెట్టి చూసింది. కళ్ళ రంధ్రాలు జారి బుగ్గల మీదికి వచ్చాయి. వాడికి ఏమీ కనబడటం లేదు. అయినా చెయ్యి చాచి, మధ్యవేళ్ళు మడిచి, గూడు దారాలు వదుల్తూనే ఉన్నాడు. "చిన్న సైజు లేదా భయ్యా?" అని అడిగిందామె. "అందరూ చిన్నదే అడుగుతున్నరమ్మా, వస్తలేదు" అన్నాడు అమ్మేవాడు.

సూపర్ హీరో కార్టూన్లు చూసి పిల్లలు కొట్టడం నేర్చుకుంటున్నారా అన్న గొడవ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తరచూ లేస్తుంది. ఎల్‌కేజీ పిల్లాడొకడు పక్కవాడి పొట్టలో గుద్దుతాడు, టీచర్ పిలిపించి "ఇంట్లో ఏం చూపిస్తున్నారు?" అని అడుగుతుంది. సాయంత్రానికి గ్రూపు రెండుగా చీలుతుంది. "మేం చూడలేదా, చెడిపోయామా?" అనేవాళ్ళ గొంతే ఎప్పుడూ పెద్దది.

ఆ మాట అబద్ధమేమీ కాదు. జానపద సినిమాల్లో కాంతారావు కత్తి తిప్పుళ్ళు చూసి అట్టముక్కలతో యుద్ధాలు చేసిన తరం మనకుంది. 1987లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక మా వీధిలో చీపుళ్ళన్నీ బాణాలైపోయాయి. ఒకడికి పుల్ల కంటి పక్కన గీసుకున్నాక అమ్మలందరూ చీపుళ్ళు అటకెక్కించారు. అయితే అది వారానికి ఒక్క పూట. పైగా పక్కన తాతయ్యో నాయనమ్మో కూర్చుని, ఎవరు ఎందుకు ఎవరిని కొడుతున్నారో చెప్తూనే ఉండేవారు.

పడమటి దేశాల నుంచి వచ్చిన ఈ హీరోలు అసలు ఎల్‌కేజీ వయసు కోసం పుట్టలేదు. ఒక్కో మెట్టూ కిందికి దించుకుంటూ వచ్చారు, దించినప్పుడల్లా రచ్చయింది. సూపర్‌మ్యాన్ 1938లో కామిక్ పుస్తకంలో పుట్టాడు. (నుమాయిష్ మొదలైందీ ఆ ఏడాదే, పబ్లిక్ గార్డెన్స్‌లో.) 1941 నుంచి ఫ్లైషర్ స్టూడియో తీసిన సూపర్‌మ్యాన్ కార్టూన్లు సినిమా హాళ్ళలో, ఇంటిల్లిపాదీ టికెట్ కొన్న సినిమాతో పాటు ఆడేవి. మొదటి పెద్ద రచ్చ మాత్రం పుస్తకాల మీద. న్యూయార్క్ మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ 1954లో కామిక్స్ పిల్లల్ని నేరాల్లోకి దించుతున్నాయని పుస్తకం రాశాడు, అమెరికా సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. భయపడిన ప్రచురణకర్తలు అదే ఏడు తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత, 2012లో, కారల్ టిల్లీ అనే పరిశోధకురాలు వెర్థమ్ కాగితాలు తిరగేస్తే, పిల్లల మాటల్ని ఆయన తనకు కావలసినట్టు మార్చుకున్నట్టు బయటపడింది. అంటే ఈ వాదనలో మొదటి సాక్షే నమ్మదగినవాడు కాదు. కార్టూన్లను తిట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

1966కల్లా ఈ హీరోలు అమెరికా టీవీల్లో శనివారం పొద్దుటి వేళకు చేరారు, అమ్మానాన్నలు ఇంకా నిద్రలేవని వేళకు. 1968లో రాబర్ట్ కెనెడీ హత్య తర్వాత తెర మీది హింస గురించి దేశమంతా మాట్లాడుకుంది. అదే ఏడు పెగ్గీ చారెన్ మరికొందరు తల్లులతో కలిసి పిల్లల టీవీ కోసం ఒక సంఘం పెట్టింది. చానళ్ళు వెనక్కి తగ్గాయి. 1973లో వచ్చిన 'సూపర్ ఫ్రెండ్స్' కార్టూన్‌లో అదే సూపర్‌మ్యాన్, అదే బ్యాట్‌మ్యాన్, కానీ గుద్దులాట దాదాపు తీసేశారు. గుద్దులు లేకుండానూ సూపర్ హీరో కథ నడుస్తుందని అప్పుడే తేలింది.

నిలవలేదు. హీ-మ్యాన్ అనే హీరో 1982లో ముందు బొమ్మగా దుకాణంలోకి వచ్చి, 1983లో కార్టూనయ్యాడు. 1984లో అమెరికా ప్రభుత్వం పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల మీద పరిమితులు ఎత్తేసింది. ఇక కార్టూనే బొమ్మకు ప్రకటన. బొమ్మ కొనమని మారాం చేసే వయసు మూడు, నాలుగు, అయిదు. కథ ఆ వయసుకు జారింది, తన్నులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మన దగ్గర ఈ చరిత్రంతా ఒక్కసారిగా వచ్చి పడింది. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ వచ్చింది. 1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలయ్యాడు. అతను కాపాడతాడని పిల్లలు మేడల మీంచి దూకారని పత్రికలు రాశాయి. శక్తిమాన్ వేషం వేసిన ముకేశ్ ఖన్నా అది తన సీరియల్ వల్లేనని ఒప్పుకోలేదు. కానీ ఎపిసోడ్ చివర తనే వచ్చి, ఇలాంటివి చేయొద్దని పిల్లలకు చెప్పేవాడు. ఆ చివరి మాట దాకా నాలుగేళ్ళవాడు కూర్చునేవాడా అన్నది నా అనుమానం.

తర్వాతి కథ పూర్తిగా మన ఊరిదే. ఛోటా భీమ్ 2008లో పోగో చానల్‌లో మొదలైంది, తయారైంది హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ స్టూడియోలో. భీమ్‌కు తొమ్మిదేళ్ళు, లడ్డూ తింటే బలం. తర్వాత అతని స్నేహితుడు రాజు పేరుతో ఇంకో సిరీస్ వచ్చింది, 'మైటీ రాజు'. వాడికి నాలుగేళ్ళు, అతీత శక్తులు. 2019లో 'మైటీ లిటిల్ భీమ్' వచ్చింది, అందులో భీమ్ ఇంకా మాటలు కూడా రాని పసివాడు. తొమ్మిది, నాలుగు, ఆపైన పాలబుగ్గలు. అటు 2021లో స్పైడర్‌మ్యాన్ కూడా బడికెళ్ళని పిల్లల చానల్‌కు దిగాడు. పసి భీమ్ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు, వాడు చేసేది ఎక్కువగా అల్లరే. నా బెంగ మిగతా వాటి గురించి.

బండూరా అనే మనస్తత్వవేత్త 1961లో స్టాన్‌ఫర్డ్ నర్సరీ పిల్లల ముందు పెద్దవాళ్ళ చేత గాలిబొమ్మను కొట్టించి చూశాడు. చూసిన పిల్లలు అచ్చు అలాగే కొట్టారు. 1963లో కొట్టే మనిషికి నల్ల పిల్లి వేషం వేసి, కార్టూన్‌లా తీసి చూపించినా అదే జరిగింది. 2017లో వెలువడిన అధ్యయనంలో సారా కోయిన్ అనే పరిశోధకురాలి బృందం 240 మంది బడి ఈడుకు రాని పిల్లల్ని ఏడాది తర్వాత మళ్ళీ పరిశీలించింది. సూపర్ హీరోల్ని ఎక్కువగా చూసినవాళ్ళలో కొట్టడం, ఆటలో పక్కవాళ్ళని వెలివేయడం ఎక్కువగా కనిపించాయి. ఏడిపిస్తున్నవాడిని అడ్డుకోవడం మాత్రం పెరగలేదు. ఒక్క అధ్యయనంతో ఇదే కారణమని తేల్చలేం, ఆమె కూడా పూర్తిగా మానేయమనలేదు. అయినా 'మా వాడు మంచిని నేర్చుకుంటాడు' అన్న భరోసాకి ఇది గట్టి దెబ్బే.

ఎందుకు నేర్చుకోడు? 1973లో ఆండ్రూ కాలిన్స్ చేసిన ప్రయోగంలో జవాబు కొంత దొరుకుతుంది. టీవీ కథలో కొట్టడానికీ, దాని కారణానికీ, ఫలితానికీ నడుమ ప్రకటనలు దూర్చితే, మూడో తరగతి పిల్లల్లో కొట్టే ధోరణి పెరిగింది, పెద్ద తరగతులవాళ్ళలో పెరగలేదు. ఎనిమిదేళ్ళవాడికే ముడి తెగిపోతే నాలుగేళ్ళవాడి సంగతేంటి? మన విక్రమార్కుడి చేతిలోనూ కత్తి ఉంటుంది, కానీ భేతాళుడు ప్రతి కథ చివరా అడిగేది 'ఎందుకు' అనే. ఆ ప్రశ్న కార్టూన్‌లో ఎవరూ అడగరు.

రూల్సు ఉన్నాయి. పిల్లల కార్యక్రమాల్లో హింసా దృశ్యాలు ఉండకుండా చూడాలని 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనలే చెప్తున్నాయి. 2021 నుంచి ఓటీటీల్లో వయసు గుర్తులూ పెట్టారు: యు, తర్వాత యు/ఎ 7+, 13+, 16+. ఏడు కంటే కింద గీతే లేదు. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకు గంట మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటలో ఏం చూడాలో గడియారం చెప్పదు.

పోయిన వారం మా అక్క మనవడు, నాలుగున్నరేళ్ళవాడు, సోఫా మీంచి తువ్వాలు కట్టుకుని దూకి నా మోకాలి మీద గుద్దాడు.

"ఎందుకు కొట్టావురా?"

"నువ్వు విలన్ తాతా."

"నేనేం చేశాను?"

వాడు కాసేపు ఆలోచించాడు. "తెలీదు. నువ్వు పడిపో."

పడిపోయాను.