కేసీ కాలువకు కోట్లు మంజూరైతే డబ్బు వచ్చినట్టేనా? అపోహలు – వాస్తవాలు

బడ్జెట్ ప్రసంగం ముగిసిన మరునాటి నుంచి నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "సార్, కేసీ కాలువ ఆధునికీకరణకు అన్ని కోట్లు ఇచ్చారు కదా, ఈ ఖరీఫ్‌కు చివరి ఆయకట్టు దాకా నీళ్ళు వస్తాయా?" కేసీ అంటే కర్నూలు–కడప కాలువ. నీటిపారుదల ఇంజనీరుగా ఈ కాలువ మీద అంచనాలు వేశాను, కొలతలు తీశాను, బిల్లులు రాశాను. అడిగేవాళ్ళ ఆత్రుత నాకు అర్థమవుతుంది. చాపాడు, ఖాజీపేట, చెన్నూరు వైపు పొలం ఉన్న రైతుకు ప్రతి ఆగస్టూ గండమే. నాకు కోపం వచ్చేది ఆ ఆత్రుతను ఆసరా చేసుకొని "డబ్బు వచ్చేసింది, ఇక పనులే తరువాయి" అని ఊరూరా చెప్పి తిరిగేవాళ్ళ మీద. ఈ కాలువ నిధుల చుట్టూ అపోహలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రం మనుషులను అప్పుల్లోకి దించుతోంది. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: కోట్లు మంజూరయ్యాయంటే ఆ డబ్బు ఖజానాలో పక్కన పెట్టినట్టే

కాదు. మంజూరు జీవో అంటే పరిపాలనా అనుమతి. ఫలానా పనిని ఫలానా మొత్తానికి మించకుండా చేపట్టవచ్చు అని ప్రభుత్వం అంటున్నదని మాత్రమే దాని అర్థం. ఆ కాగితంలో ఒక్క రూపాయి కూడా ఉండదు. బ్యాంకు గృహరుణం మంజూరు చేస్తూ లేఖ ఇచ్చిన రోజున మన ఖాతాలో డబ్బు పడదు. పునాది చూసి కొంత, గోడలు చూసి కొంత విడుదల చేస్తుంది. ఇదీ అలాంటిదే. తేడా ఒక్కటే: బ్యాంకు దగ్గర ఇవ్వడానికి డబ్బు సిద్ధంగా ఉంటుంది, ప్రభుత్వం దగ్గర ఆ త్రైమాసికంలో ఉంటేనే ఉన్నట్టు.

జీవో తరువాత జరగాల్సినవి చూడండి. వివరమైన సర్వే, డ్రాయింగులు, పని విలువను బట్టి ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) లేదా సీఈ (చీఫ్ ఇంజనీరు) ఇచ్చే సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు. అప్పుడు గాని కాలువలోకి యంత్రం దిగదు. పని జరిగాక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలిచి ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, రాయాలి, డీఈ (డిప్యూటీ ఇంజనీరు) సరిచూడాలి, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) బిల్లు పాస్ చేయాలి. ఆ బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లోకి ఎక్కిన తరువాత కూడా బడ్జెట్ విడుదల ఉత్తర్వు లేకపోతే అక్కడే ఆగుతుంది. వార్తాపత్రిక మొదటి మెట్టు దగ్గరే పెద్ద శీర్షిక పెడుతుంది. మిగిలిన మెట్ల గురించి ఎవరూ రాయరు.

దీనికి తోడు, బయటివాళ్ళకు కనిపించని చిక్కు ఒకటుంది. కాలువలో పని చేయాలంటే కాలువ ఎండి ఉండాలి. నీళ్ళు కట్టేసిన నెలల్లోనే, అంటే వేసవిలోనే, లైనింగు (కాలువ లోపలి కాంక్రీటు పూత) గాని, తూములు గాని, అండర్ టన్నెళ్ళు (కాలువ కింద నుంచి వాగు నీటిని దాటించే సొరంగాలు) గాని ముట్టుకోగలం. తుంగభద్రకు వరద మొదలై, ఈ కాలువ మొదలయ్యే సుంకేసుల బ్యారేజీ గేట్ల దగ్గర నీరు చేరిందంటే పని బందు. మరి ఆర్థిక సంవత్సరం ముగిసేది ఎప్పుడు? మార్చి 31న. కాలువ ఆరడం మొదలయ్యే సమయానికి పాత ఏడాది డబ్బు మురిగిపోతుంది. కొత్త ఏడాది విడుదలలు చేతికి వచ్చేసరికి మే దాటుతుంది. పనికి మిగిలేది కొన్ని వారాలే. ఒక పనికి మూడు నాలుగు వేసవులు పట్టడానికి సగం కారణం ఇదే. "నిధులు ల్యాప్స్ అయ్యాయి" అన్న వార్త వచ్చినప్పుడల్లా ఎవరో తినేశారని అనుకుంటారు. తినే అవకాశం ఉండాలంటే ముందు డబ్బు విడుదల కావాలి. ల్యాప్స్ అయినది అసలు బయటికి రాని డబ్బు.

ఇది తెలియక జరిగే నష్టం ఎలా ఉంటుందో చెబుతాను. ఖాజీపేట వైపు నుంచి ఒక కౌలు రైతు నా దగ్గరకు వచ్చాడు. చేతిలో పత్రిక కత్తిరింపు, ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టుకున్నది. ఆధునికీకరణకు నిధులు మంజూరయ్యాయన్న వార్త అది. దాన్ని చూపించి భూమి యజమాని మాగాణి కౌలు అడిగాడు. "కాలువ బాగవుతోంది, ఇక వరికి ఢోకా లేదు" అన్నాడట. ఇతను నోటు రాసి అప్పు తెచ్చి ముందుగానే కౌలు కట్టేశాడు. నా దగ్గరకు వచ్చే నాటికి నారు పోసి ఉన్నాడు. ఆ కత్తిరింపులో ఉన్న పనికి అప్పటికి టెండరే పిలవలేదు. పైగా ఆ పని ఉన్నది నంద్యాల ఎగువన. అది పూర్తయినా ఇతని తూముకు ఆ ఏడాది వచ్చే తేడా ఏమీ లేదు. ఆ మాట నేను చెప్పినప్పుడు అతను నన్ను తిట్టలేదు. "అయితే నారు ఏం చేయను సార్?" అని అడిగాడు. మడిలో వేయకుండా ఆరుతడి పంటకు మళ్ళమని చెప్పాను. కట్టిన కౌలు మాత్రం తిరిగి రాలేదు. ఇలాంటివాళ్ళు ఏటా ఎదురవుతూనే ఉన్నారు. చిన్న సబ్ కాంట్రాక్టర్ల కథా ఇంతే: అగ్రిమెంటు చూసి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మట్టి పని చేస్తారు, బిల్లు రావడానికి పట్టే కాలంలో వడ్డీ లాభాన్ని మింగి అసలుకు ఎసరు పెడుతుంది.

మీ పొలానికి నీళ్ళు వస్తాయా రావా అన్నది జీవో చెప్పదు. జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశంలో ఏ కాలువకు ఎంత, ఎప్పటి నుంచి అని తీర్మానిస్తారు, అది చూడండి. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువకు కేటాయించింది 39.9 టీఎంసీలు, ఆయకట్టు సుమారు 2.65 లక్షల ఎకరాలు. సుంకేసుల బ్యారేజీ నిల్వ మాత్రం 1.2 టీఎంసీలే. అంటే నదిలో ప్రవాహం ఉన్నన్ని రోజులే కాలువకు ధీమా. ఎన్ని కోట్లు మంజూరైనా ఈ లెక్క ఒక్క సీజనులో మారదు.

డబ్బు సంగతి నిజంగా తెలుసుకోవాలంటే బడ్జెట్ పుస్తకాలు తెరవండి, అవి ఎవరైనా చూడవచ్చు. భారీ నీటిపారుదల మూలధన వ్యయం 4700 పద్దు కింద, నిర్వహణ ఖర్చు 2700 కింద ఉంటాయి. ప్రాజెక్టు పేరు ఎదురుగా వరుసలో కొన్ని అంకెలు కనిపిస్తాయి: ముందటి ఏడాది వాస్తవంగా అయిన ఖర్చు, ఈ ఏడాది అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. అందరూ చివరి అంకె చదివి సంతోషిస్తారు. మీరు మొదటి అంకె చదవండి. అంచనాలో కోట్లు, వాస్తవంలో లక్షలు ఉంటే ఆ పని సంగతి తేలిపోయింది. అది కూడా కష్టమనిపిస్తే సెక్షన్ ఆఫీసులో ఏఈని మూడు మాటలు అడగండి: సాంకేతిక మంజూరు అయిందా, అగ్రిమెంటు అయిందా, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా? జవాబు దొరక్కపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో చెప్పి తీరాలి. మూడింటికీ స్పష్టమైన జవాబు వచ్చే దాకా కౌలు కట్టకండి, నోటు రాయకండి.

అపోహ: జపాన్ వాళ్ళు 1,600 కోట్లు ఉచితంగా ఇచ్చారు, అవి ఏమయ్యాయో తెలియదు

ఈ అంకె విన్నప్పుడల్లా నేను తల పట్టుకుంటాను. 1996లో జపాన్ ప్రభుత్వ సంస్థ ఓఈసీఎఫ్ ఈ కాలువ ఆధునికీకరణకు ఒప్పుకున్నది సుమారు 1,600 కోట్ల యెన్లు. రూపాయలు కాదు. అప్పటి మారకం రేటులో రూపాయికి దాదాపు మూడు యెన్లు. అంటే అయిదు వందల కోట్ల రూపాయల పైచిలుకు. మిగిలిన వెయ్యి కోట్లు ఎక్కడికీ పోలేదు, అసలు లేనే లేవు. గ్రామ సభల్లో ఈ వెయ్యి కోట్ల గురించి పెద్ద మనుషులు గొంతు చించుకోవడం నేను విన్నాను, లేచి లెక్క చెప్పాను కూడా.

రెండోది, అది ఉచితం కాదు, అప్పు. వడ్డీ తక్కువ, గడువు ఎక్కువ, అయినా అప్పే. పైగా విదేశీ రుణం సంచిలో తెచ్చి ముందుగా చేతిలో పెట్టేది కాదు. చాలావరకు రాష్ట్రం ముందు తన ఖజానా నుంచి ఖర్చు పెట్టాలి, ఆ లెక్కలు కేంద్రం ద్వారా పంపాలి, అప్పుడు తిరిగి వస్తుంది. ముందు పెట్టడానికి రాష్ట్రం దగ్గర లేకపోతే రుణం ఒప్పందంలో ఉండి కూడా కాలువలో ఉండదు.

అపోహ: వారసత్వ కట్టడంగా గుర్తించారు కాబట్టి ఇక నిధులకు కొరత లేదు

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల కమిషన్ కేసీ కాలువను వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది కంభం చెరువుకూ పోరుమామిళ్ళ చెరువుకూ ఆ గౌరవం దక్కింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. కర్నూలులో హంద్రీ మీదుగా కాలువను దాటించిన అక్విడక్టును చూసినప్పుడల్లా దాన్ని కట్టినవాళ్ళకు మనసులో నమస్కరించేవాణ్ణి. కానీ ఆ గుర్తింపుతో వచ్చేది గౌరవమే, గ్రాంటు రాదు. అలాగే దాని వల్ల మరమ్మతులకు అడ్డూ రాదు. పురావస్తు శాఖ రక్షిత కట్టడం వేరు, ఇది వేరు. ఇది నేటికీ నీళ్ళు పారుతున్న కాలువ. గుర్తింపును ప్రతిపాదనలో బలమైన కారణంగా చూపించుకోవచ్చు, అంతవరకే.

అపోహ: తెల్లదొరలు సొంత డబ్బుతో కట్టారు, మన ప్రభుత్వాలు బాగు కూడా చేయలేకపోతున్నాయి

ఈ మాట చదువుకున్నవాళ్ళే ఎక్కువగా అంటారు. 1863–1870 మధ్య దీన్ని తవ్వింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. లండన్‌లో వాటాలు అమ్మి డబ్బు పోగు చేసింది నిజమే. అయితే పది లక్షల పౌన్ల పెట్టుబడికి ఏటా అయిదు శాతం వడ్డీ గ్యారంటీ ఇచ్చింది ప్రభుత్వం. ఆ వడ్డీ కట్టింది ఇక్కడి రాబడితోనే. కంపెనీ లెక్క తప్పింది. ఈ దారి చాలావరకు నల్లరేగడి. వాన పడితే జొన్న, పత్తి పండించుకునే రైతు డబ్బు కట్టి నీళ్ళు తీసుకోవడానికి ముందుకు రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. అంటే ఆ తరంలోనూ నష్టం మోసింది ప్రజాధనమే.

అదే నల్లరేగడి నేటికీ ఖర్చు పెంచుతోంది. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే నేల మీద నేరుగా కాంక్రీటు పరిస్తే రెండు వర్షాలకు పలకలు పగిలి లేస్తాయి. అందుకే లైనింగు కింద ఉబ్బని, జిగురున్న మట్టి పొర వేయాలి, దాన్నే మేము సీఎన్ఎస్ అంటాం. ఆ మట్టి దగ్గరలో దొరకదు, లారీల్లో తేవాలి. అంచనాలో ఆ పద్దు చూసి "మట్టికి ఇన్ని కోట్లా!" అని ఫిర్యాదు పెట్టేవాళ్ళు ఒక్కసారి పలకలు లేచిపోయిన చోటికి వచ్చి చూడాలి.

ఇంకొన్ని, క్లుప్తంగా

నీటి తీరువా సక్రమంగా వసూలైతే చాలు, కాలువ బాగుపడుతుందంటారు. తడి పంటకు, మొదటి పంటకు ఎకరాకు 200 రూపాయలు. ఆయకట్టు మొత్తం పైసా బాకీ లేకుండా కట్టినా 5.3 కోట్లు. పూడిక తీయడానికి, గుర్రపుడెక్క తొలగించడానికి, షట్టర్లకు పనికొస్తుంది, ఆధునికీకరణకు చాలదు.

పడవలు మళ్ళీ తిరుగుతాయని, కేంద్రం జలమార్గం నిధులు ఇస్తోందని ఒక ప్రచారం. పడవల కోసం కూడా తవ్విన కాలువే ఇది, అయితే ఆ రాకపోకలు స్వాతంత్ర్యానికి ముందే ఆగిపోయాయి. జాతీయ జలమార్గం-4లో ఉన్నవి కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువలు. కేసీ అందులో లేదు.

2009 అక్టోబరు వరదలో తెగిన గండ్లకు వచ్చిన డబ్బుతో కాలువ మొత్తం బాగు చేసి ఉండవచ్చు కదా అని ఇప్పటికీ అడుగుతారు. విపత్తు సహాయ నిధి తాత్కాలిక పునరుద్ధరణకే. శాశ్వత పనికి వేరే పద్దు, వేరే మంజూరు.

అపోహ: నిధులు వచ్చాయంటే కట్ట మీది ఇళ్ళు మరునాడే కూల్చేస్తారు

దీని గురించి అడిగేవాళ్ళ గొంతులో భయం నాకు వినిపిస్తుంది. కర్నూలు, నంద్యాల పట్టణాల్లో కాలువ వెంట దశాబ్దాలుగా ఉంటున్న కుటుంబాలు ఉన్నాయి. ప్రతి మంజూరు వార్త తరువాతా దళారులు వీధిలోకి దిగుతారు: "ఎలాగూ పోతుంది, వచ్చినంతకు అమ్ముకో." ఒక పెద్దావిడ తన పట్టా స్థలాన్ని అలా సగం ధరకు ఇచ్చేయబోతుండగా ఆమె మనవడు నాకు ఫోను చేశాడు. సర్వే పటం తెప్పించి చూస్తే ఆ స్థలం కాలువ హద్దుకు బయట ఉంది.

ముందు సర్వే చేసి హద్దు రాళ్ళు వేయాలి. మీ స్థలం పట్టా భూమి అయి పనికి కావలసి వస్తే 2013 భూసేకరణ చట్టం ప్రకారం నోటిఫికేషన్, పరిహారం ఉంటాయి. కాలువ పోరంబోకులో ఉన్నా 1905 ఆక్రమణల చట్టం కింద ముందుగా నోటీసు ఇచ్చి మీ జవాబు వినాల్సిందే. నోటీసు వస్తే తీసుకోండి, తేదీ వేయించుకోండి, గడువులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, రసీదు ఉంచుకోండి. నోటీసు రాకుండా ఎవరి మాటా నమ్మి స్థలం అమ్మకండి. అమ్మమని ఒత్తిడి చేసేవాణ్ణి, కాలువ హద్దు చూపించే పటం తెమ్మని అడగండి.