బెల్టుకు పోటీగా వచ్చిన గాలి సంచి

కారు ప్రమాదాల వార్తల్లో ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి తరచుగా కనిపిస్తుంది: ‘ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవడంతో ప్రాణాపాయం తప్పింది’, లేదా ‘ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు’. రెండో మాట ఒక్కోసారి కోర్టుకెక్కుతుంది. 2017లో ఢిల్లీ-పానిపట్ రహదారి మీద ప్రమాదానికి గురైన ఒక కారు యజమాని ఇలాగే ఫిర్యాదు చేశారు. ముందు నుంచి తగిలిన దెబ్బ ఆ గాలి సంచి తెరుచుకునేంత గట్టిది కాదని కంపెనీ వాదించింది. వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టడానికి కొనుగోలుదారు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదంటూ 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆయనకు దక్కిన పరిహారాన్ని ఖాయం చేసింది. తీర్పు సబబే. అయినా ఆ లెక్క వెనక డెబ్బై ఏళ్ల కథ ఉంది.

1952లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జాన్ హెట్రిక్ అనే ఇంజినీరు భార్యతో, ఏడేళ్ల కూతురితో కారులో వెళ్తున్నాడు. దారిలో అడ్డంగా ఒక బండరాయి. బ్రేకు తొక్కి బండిని పక్కకు తిప్పేశాడు. ఆ క్షణంలో భార్యాభర్తలిద్దరూ పాప తల డాష్‌బోర్డుకు కొట్టుకోకుండా చేతులు అడ్డం పెట్టారు. చేతుల బదులు మరేదైనా అడ్డం రాకూడదా అన్నది ఆయన ఆలోచన. యుద్ధకాలంలో నౌకాదళంలో ఉన్నప్పుడు, బాగుచేస్తున్న టార్పెడోలోంచి (నీటిలో దూసుకెళ్లే ఆయుధం) గాలి ఒక్కసారిగా తన్నుకొచ్చి కాన్వాసు గుడ్డను పైకప్పు దాకా ఎగరేయడం ఆయన చూసి ఉన్నాడు. ఆ రెండూ కలిపి గాలి సంచికి రూపమిచ్చాడు. 1953 ఆగస్టులో దానికి పేటెంటు వచ్చింది. కార్ల కంపెనీలకు ఉత్తరాలు రాస్తే ఎవరూ పట్టించుకోలేదు. కంపెనీలు దాన్ని అమ్మే కార్లలోకి తెచ్చేసరికి పేటెంటు గడువే తీరిపోయింది.

అసలు మలుపు అక్కడి జనం సీటు బెల్టు పెట్టుకోకపోవడం వల్ల వచ్చింది. చెప్పినా వినని మనిషిని తన ప్రమేయం లేకుండానే కాపాడే వస్తువు కావాలని 1970లలో అమెరికా అధికారులు పట్టుబట్టారు. అంటే ఎయిర్‌బ్యాగును బెల్టుకు తోడుగా కాదు, బదులుగా తలచారు. జర్మనీలో మెర్సిడెస్ ఇంకో దారి పట్టింది. 1981లో అమ్మకానికి తెచ్చిన ఎస్-క్లాస్‌లో సంచితో పాటు, దెబ్బ తగలగానే బెల్టును బిగించి లాగే ఏర్పాటూ పెట్టింది. నా లెక్కలో సరైన ఆలోచన అదే. అమెరికా తన పొరపాటుకు ప్రాణాలతో మూల్యం చెల్లించింది. బెల్టు లేని నిండు మనిషిని గంటకు 48 కిలోమీటర్ల వేగంలో ఆపగలగాలన్న పరీక్ష కోసం సంచుల్లో విపరీతమైన బలం నింపారు. అవి గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో బయటికి దూకేవి. ముందు సీట్లో కూర్చున్న పిల్లలు చిన్నపాటి గుద్దుళ్లలోనే సంచి దెబ్బకు చనిపోయారు. 1990 నుంచి 2008 వరకు అలా పోయినవారు పెద్దలతో కలిపి 290 మందికి పైనే. వారిలో ఎక్కువ మంది బెల్టు పెట్టుకోనివారు, లేదా సరిగా పెట్టుకోనివారు. నిబంధనలు మార్చి 1998 మోడళ్ల నుంచి సంచుల బలం తగ్గించారు.

సంచి తెరుచుకోవాలా వద్దా అన్నది కారు ఎంత నుజ్జయిందన్న దాన్ని బట్టి ఉండదు. వేగం ఎంత హఠాత్తుగా పడిపోయిందన్నదే లెక్క. సెన్సర్లు చెప్పింది చూసి చిన్న కంప్యూటరు సెకనులో నూరింట ఒకటి రెండు వంతుల్లో తేల్చేస్తుంది. లోపలి రసాయనం అంటుకుని వాయువు పుడుతుంది, రెప్పపాటు కన్నా ముందే సంచి నిండుతుంది. తల దానిలోకి దిగేసరికి వెనక రంధ్రాల నుంచి వాయువు పోతూ సంచి మెత్తబడుతుంది. గట్టి గోడను గంటకు 16-19 కిలోమీటర్ల వేగంతో గుద్దినంత దెబ్బకు బెల్టు లేనివారి కోసం తెరుచుకునే కార్లు, బెల్టు ఉంటే 26 దాకా ఆగుతాయి. ఆగి ఉన్న లారీ కిందికి బానెట్ దూరిపోతే, కారు పైభాగం చీలిపోయినా వేగం కాస్త నిదానంగా తగ్గవచ్చు. అప్పుడు సంచి ఆలస్యంగా తెరుచుకోవచ్చు, అసలు తెరుచుకోకపోనూవచ్చు. కారు పల్టీ కొడితే ముందు సంచుల వల్ల ఒరిగేది తక్కువ.

మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జులై 1 నుంచి తప్పనిసరి. పక్క సీటుకు 2021లో వచ్చింది. కారుకు ఆరు సంచులుండాలన్న ముసాయిదా 2022లో వచ్చి, ఏడాది వాయిదా పడి, చివరికి తప్పనిసరి కాకుండానే ఆగిపోయింది. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో మరణించినప్పుడు ఆయన వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. సంచుల లెక్క మీద నడిచినంత చర్చ వెనక సీటు బెల్టు మీద ఎక్కువ కాలం నడవలేదు.

చాలా కార్ల స్టీరింగు మీద ‘ఎస్‌ఆర్‌ఎస్’ అని ఉంటుంది. అందులో మొదటి అక్షరానికి అర్థం ‘అదనపు’ అని. బెల్టుకు అదనం. ఎడమ పక్క డాష్‌బోర్డు మీద కూడా ‘ఎయిర్‌బ్యాగ్’ అని చిన్నగా చెక్కి ఉంటుంది. కొత్త కారుకు పూజ చేయించాక మనం దేవుడి బొమ్మను గమ్ముతో అతికించేది చాలాసార్లు ఆ అక్షరాల పక్కనే. సంచి చీల్చుకుని వచ్చేది ఆ పలకనే.