వేడి మీద బండి స్టార్ట్ కావట్లేదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుందన్నా, కొండెక్కి ఓ పావుగంట ఆపితే మాత్రం మొరాయిస్తుంది." ఎండాకాలం వస్తే మా షెడ్డులో ఈ మాట వినపడని రోజుండదు. అలిపిరి దాటింది మొదలు చిన్న గేర్లలో ఘాట్ ఎక్కిన పాత బండిని పైకి రాగానే ఠక్కున ఆపేస్తారు, టీ తాగొచ్చి తాళం తిప్పితే కదలదు. మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ ఎక్కొచ్చిన బండ్లదీ ఇదే కథ. దీనికి కారణం ఒక్కటే ఉండదు, అందుకే ఎవరో చెప్పారని బ్యాటరీ, ప్లగ్గులు, కాయిల్ (ప్లగ్గుల్లో స్పార్క్‌కు కరెంటు ఇచ్చేది) వరసబెట్టి మార్చి డబ్బులు పోగొట్టుకోవద్దని ఇది రాస్తున్నా.

అపోహ: ఇంజన్ ఆపగానే చల్లబడటం మొదలవుతుంది.

కాదు. ఆపగానే వాటర్ పంపు ఆగిపోతుంది, బెల్టు ఫ్యాను ఉన్న బండైతే గాలీ ఆగిపోతుంది, దాంతో హెడ్డులో (ఇంజన్ పై భాగంలో) ఉన్న వేడంతా పైకి కార్బొరేటర్ మీదికి, పక్కనున్న పైపుల మీదికి ఎక్కుతుంది. మొదటి పది ఇరవై నిమిషాలు బానెట్ కింద వేడి పెరుగుతూనే ఉంటుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవుతాయి కాబట్టి, మన తిరుపతి మే నెల ఎండలో ఆ వేడికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆపిన రెండు నిమిషాలకు బాగానే స్టార్టయి, ఇరవై నిమిషాలకు మొండికేసి, గంటన్నర తర్వాత ఏమీ జరగనట్టు అందుకుంటే చాలావరకు ఈ వేడి సంగతే.

ఇక్కడే పూర్తిగా ఎదురెదురు జబ్బులు రెండున్నాయి. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ మరిగి లోపలికి కారిపోతే ఓవర్‌ఫ్లో, అంటే పెట్రోల్ ఎక్కువైంది. ఏసీ పంపులోనో (ట్యాంకు నుంచి పెట్రోల్ లాగే పంపు, ఎయిర్ కండిషనర్‌ది కాదు) పైపులోనో ఆవిరి నిండిపోతే పెట్రోల్ అసలు రాదు. బానెట్ ఎత్తగానే ఘాటుగా వాసనొస్తే మొదటిదని అనుకోవచ్చు.

అపోహ: చోక్ లాగి, యాక్సిలరేటర్ నాలుగుసార్లు తొక్కితే పట్టుకుంటుంది.

నేను చూసినంతలో ఎక్కువ బండ్లను రోడ్డు మీద నిలబెట్టేది ఇదే. తొక్కిన ప్రతిసారీ కార్బొరేటర్ లోపలికి ఇంకాస్త పెట్రోల్ చిమ్ముతుంది, అసలే ఓవర్‌ఫ్లో అయిన ఇంజన్‌కు అది ఇంకా చేటు. చోక్ పూర్తిగా లోపలికి నెట్టేసి, యాక్సిలరేటర్ ఒక్కసారి కిందదాకా తొక్కి అలాగే పట్టుకుని, ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి, అందుకోగానే కాలు తియ్యండి. ఇంజెక్షన్ బండ్లలో (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ చెప్పినట్టు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మేవి) కూడా చాలావాటికి పెడల్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే పెట్రోల్ కట్ అయ్యేలా ఏర్పాటు ఉంటుంది.

వాసన లేకపోతే? ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ చేత్తో థ్రాటిల్ తిప్పండి (చుట్టుపక్కల బీడీ, సిగరెట్ ఉండకూడదు). సన్నటి ధార సూటిగా పడితే గిన్నెలో పెట్రోల్ ఉన్నట్టే, స్పార్క్ వైపు చూడాలి. ధార లేకపోయినా, తుంపర్లుగా ఉమ్మినట్టు వచ్చినా ఏసీ పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేసి కాసేపాగి ప్రయత్నించండి. దాంతో స్టార్టయితే విషయం తేలిపోయింది. అప్పుడు చూడాల్సింది కార్బొరేటర్ కింద, పంపు వెనక ఉండే మందపాటి ఫైబర్ ప్యాకింగ్. వేడి పైకి పాకకుండా కంపెనీ వేసిన అడ్డు అది. అది విరిగితే పేపర్ ప్యాకింగ్ కోసి బిగించేస్తుంటారు, చూడ్డానికి లీకేజీ ఉండదు, వేడి మాత్రం తిన్నగా పైకెక్కుతుంది. తడిగుడ్డ అన్నాను కదా అని ఇంజన్ మీద బకెట్ నీళ్లు కుమ్మరించకండి, కాలిన ఇనుము పగులుతుంది, డెల్కోలోకి (ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్) నీళ్లు పోతాయి.

అపోహ: సెల్ఫ్ నిదానంగా తిరిగితే బ్యాటరీ పోయినట్టే.

చల్లగా ఉన్నప్పుడు గిర్రున తిప్పే బ్యాటరీ వేడికే ఎందుకు నీరసపడుతుంది? సెల్ఫ్ మోటారులోని రాగి తీగ 60 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం సుమారు నాలుగో వంతు పెరుగుతుంది, మోటారులో బుష్‌లు అరిగి ఉంటే బిగుసుకుంటుంది, తుప్పుపట్టిన ఎర్త్ వైరు ఉంటే ఇక చెప్పేదేముంది. ఇంజన్ అందుకోకుండా కాయిల్ వైరు పీకి, మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టండి. బ్యాటరీ దగ్గర 9.6 వోల్టుల పైన ఉండి కూడా ఇంజన్ ఈడ్చుకుంటూ తిరిగితే తప్పు బ్యాటరీది కాదు. బ్యాటరీ ప్లస్ నుంచి మోటారు బోల్టుకు మధ్య అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ కేబుల్ మార్చండి.

అపోహ: స్పార్క్ చూశాం, కాయిల్ మంచిదే.

ఎప్పుడు చూశారు? బండి చల్లారాక చూస్తే అన్నీ మంచివే. కాయిల్, డెల్కోలోని కండెన్సర్, ఇంజెక్షన్ బండ్లలో క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది), ఇవన్నీ వేడికే చచ్చి చల్లారితే లేచే రకాలు. మొరాయించిన ఆ నిమిషంలోనే చూడాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉంటే క్రాంక్ సెన్సర్ మీద, దాని వైరింగ్ మీద అనుమానపడాలి.

స్కానర్‌లో ఎర్రర్ లేదు కాబట్టి సెన్సర్లన్నీ బాగున్నాయనడం కూడా తప్పే. ఇంజన్ కాలిపోతుంటే టెంపరేచర్ సెన్సర్ 30 డిగ్రీలని చెప్పినా చాలా బండ్లలో లైటు వెలగదు, కంప్యూటర్ మాత్రం చల్లటి ఇంజన్ అనుకుని పెట్రోల్ కుమ్మరిస్తుంది. లైవ్ రీడింగ్ చూడమని అడగండి. ఇంకోటి, తాళం ఆన్‌లో రెండు సెకన్లు పెట్టి ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేశాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుందా? అయితే పైపులో ప్రెషర్ నిలవట్లేదు, పంపు వాల్వో ఇంజెక్టరో లీకవుతోంది.

అపోహ: థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) పీకేస్తే సరి.

దయచేసి పీకించకండి. ఆపాక ఎక్కే వేడిని అది ఎలాగూ ఆపలేదు, రోజంతా ఇంజన్ చల్లగా నడిచి పెట్రోల్ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

గ్యాస్ ఆటోలైతే ముందు టాపెట్లు, అంటే వాల్వుల గ్యాప్, చూపించండి. గ్యాప్ మరీ తగ్గిపోతే వేడికి వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. డీజిల్ బండ్లకు ఈ బాధ లేదనుకోవద్దు, పాత పంపు అరిగితే వేడికి పలచబడ్డ డీజిల్ లోపలే జారిపోతుంది. ఆ పంపు మీద తడిగుడ్డ వేసి చల్లార్చాక స్టార్టయితే అనుమానం దాని మీదే.

చివరగా, ఘాట్‌లో ఆగిన బండిని పల్లానికి దొర్లించి గేరులో పట్టిద్దామనే వాళ్లకు ఒక్క మాట. ఇంజన్ ఆగితే బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది, పవర్ స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. పక్కకు తీసి, చక్రాలకు రాళ్లు పెట్టి, బానెట్ ఎత్తి అరగంట ఆగండి.