పెయిడ్ గ్రూప్ పెడితే కూర్చున్న చోటికే డబ్బులొస్తాయా? హన్మకొండ టైలర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో పద్నాలుగేళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. 2021 నుంచి ఇంట్లో మెషిన్ పెట్టుకుని కుట్టే ఆడవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో ఒక పెయిడ్ గ్రూప్ కూడా నడుపుతున్నాను. నెలకు 149 రూపాయలు. జనగామ, పరకాల, నర్సంపేట, జమ్మికుంట, మెట్‌పల్లి, మంచిర్యాల నుంచి సభ్యులున్నారు. ఇప్పుడు షాపు కన్నా దీని మీదే కాస్త ఎక్కువ వస్తోంది, దాచడమెందుకు. ఆ సంగతి బయటికి పొక్కినప్పటి నుంచి "అక్కా, మేం కూడా ఒక గ్రూప్ పెడతం, ఎట్ల పెట్టాలె?" అని ఫోన్లు. ఒకరు పచ్చళ్ల మీద పెడతామంటారు, ఒకరు పోటీ పరీక్షల కోచింగ్ అంటారు, ఒకాయన మేకల పెంపకం అన్నారు. అందరూ అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మన దిక్కు జనం నెలనెలా డబ్బు కట్టరు.

మనకు నెలనెలా కట్టడం కొత్తా? పొదుపు సంఘంలో కడతాం, చిట్టీ కడతాం, కేబుల్‌కు కడతాం. మన జిల్లాలోనే ముల్కనూరు సహకార సంఘం ఉంది. 1956లో మొదలైంది. రైతులే సభ్యులు. అప్పూ ఎరువులూ అక్కడే, పండింది అమ్ముకునేదీ అక్కడే. ఆ తర్వాత అక్కడి ఆడవాళ్లు సొంతంగా డెయిరీ పెట్టుకున్నారు, స్వకృషి పాలు వాళ్లవే. సభ్యత్వం అనే ఆలోచన అమెరికా నుంచి ఫోన్‌లో దిగిందని అనుకునేవాళ్లు ఒకసారి ముల్కనూరు పోయి రండి. మనవాళ్లు ఏం దొరుకుతుందో అర్థం కానిదానికి కట్టరు, అంతే. నేను మొదట పెట్టిన పోస్టర్‌లో "ప్రీమియం కమ్యూనిటీ" అని రాశాను. ఒక్కరు చేరలేదు. "మీరు కుట్టిన జాకెట్ ఫోటో పెట్టండి, తప్పెక్కడో అదే రోజు చెప్తాం" అని మార్చాక పదిరోజుల్లో పదకొండు మంది చేరారు.

అపోహ: ఎన్ని ఎక్కువ వీడియోలు పెడితే అంత విలువ.

నేనూ ఇదే నమ్మాను. రింగ్ లైట్ కొన్నాను, మొదటి ఏడాది అరవైకి పైగా వీడియోలు తీశాను. లైనింగ్ బ్లౌజ్, ప్రిన్సెస్ కట్, కటోరి, బోట్ నెక్, పఫ్ చేతులు. చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వీడియోలు యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతాయి, వాటికి 149 ఎందుకు కడతారు?

ఒక రాత్రి జరిగింది చెప్తాను. పదిన్నర దాటింది. నర్సంపేట దగ్గరి చెల్లె ఒకామె ఫోటో పెట్టింది. పెళ్లి బ్లౌజ్, మగ్గం వర్క్ చేసిన పట్టు గుడ్డ, ముందు భాగంలో చంక దగ్గర ముడతలు. కస్టమర్ పొద్దున ఎనిమిదింటికి వస్తుంది. గుడ్డ ఇంకో ముక్క లేదు. ఆమె టెన్షన్ ఆ మెసేజ్‌లోనే కనిపిస్తోంది, అక్షరాలన్నీ తప్పులు. "ఆది జాకెట్ పెట్టి కోశావా, ఒంటి కొలతలు తీసుకున్నావా?" అని అడిగాను. ఆది జాకెట్‌ను పక్కన పరిచి ఇంకో ఫోటో పెట్టింది. చూడగానే తెలిసింది. చంక గుంత ముందూ వెనకా ఒకేలా కోసింది. వెనక భాగం కన్నా ముందు భాగం చంక సుమారు అర ఇంచు లోపలికి తవ్వాలి. తవ్వకపోతే మిగిలిన గుడ్డంతా అక్కడే ముడత పడుతుంది. నేను టైప్ చేస్తుండగానే మెట్‌పల్లి సభ్యురాలు ఒకరు ఆ ఫోటో మీద ఎర్ర గీత గీసి పంపింది: "గిక్కడ దాకా కోయి చెల్లె, చెయ్యి ముందు సగమే విప్పు, మొత్తం విప్పకు." పన్నెండుకు పదినిమిషాల ముందు సరైన బ్లౌజ్ ఫోటో వచ్చింది.

ఆ చెల్లె ఇప్పటికీ సభ్యురాలే. నా వీడియోలు ఒక్కటి కూడా చూడలేదని తనే నవ్వుతూ చెప్పింది. ఆ రాత్రి తర్వాత వీడియోలు పన్నెండుకు తగ్గించాను. సోమవారం "ఈ వారం కుట్టినవి" ఫోటోలు, గురువారం రాత్రి సీరియళ్లు అయిపోయాక గంట సేపు లైవ్‌లో సందేహాలు. అసలు సరుకు అదే.

అపోహ: మాట్లాడనివాళ్లు నేడో రేపో మానేస్తారు.

ఆన్‌లైన్ సమూహాల గురించి 2006లో యాకబ్ నీల్సన్ అనే వెబ్‌సైట్ల నిపుణుడు ఒక మోటు లెక్క రాశాడు: నూటికి 90 మంది ఊరికే చూస్తారు, 9 మంది అప్పుడప్పుడు మాట్లాడతారు, ఎక్కువ మాట్లాడేది ఒక్కరు. నా గ్రూపులో మాట్లాడేవాళ్లు అంతకన్నా ఎక్కువే కానీ, నోరు విప్పకుండానే మూడేళ్లుగా కడుతూ ఉన్నవాళ్లు బోలెడుమంది. వాళ్లని "ఏం మాట్లాడరేం" అని గిల్లకండి. చదువుకోనివ్వండి.

అపోహ: వాట్సాప్ గ్రూప్ ఉంటే చాలు, ఖర్చు లేదు.

ఇక్కడ నేను తప్పు చేశాను. మొదలుపెట్టిన రోజుల్లో వాట్సాప్ గ్రూపులో 256 మందికే చోటు. 2022లో దాన్ని 512కు, తర్వాత 1024కు పెంచారు. చోటు నాకెప్పుడూ సమస్య కాలేదు. సమస్య ఫోన్ నంబర్లు. మామూలు వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి నంబర్ మిగతా అందరికీ కనిపిస్తుంది. ఒక సభ్యురాలి ఇంట్లో కుర్రాడెవడో ఆమె ఫోన్ తీసుకుని, గ్రూపులోంచి ఇంకొకామె నంబర్ పట్టుకుని రాత్రిపూట గుడ్ నైట్ మెసేజ్‌లు, ఆ తర్వాత వీడియో కాల్స్. ఆ మెసేజ్‌లు వచ్చినామె భర్త దుబాయ్‌లో ఉంటాడు. ఇంట్లో ఎంత గొడవ అయిందో నేను రాయను. ఆమె మానేసింది, ఆమె వెంట వాళ్ల వాడకట్టు వాళ్లు నలుగురూ మానేశారు. వాళ్లది తప్పని ఎలా అంటాను?

వాట్సాప్‌లోనే కమ్యూనిటీ పెట్టుకుంటే అనౌన్స్‌మెంట్ గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. కానీ అక్కడ మాట మొదలుపెట్టేది అడ్మినే, సభ్యులు తమంతట తాము ఫోటో పెట్టి అడగలేరు, మన పని సాగదు. టెలిగ్రామ్‌లో నంబర్ ఎవరికీ కనిపించకుండా సెట్టింగ్ పెట్టుకోవచ్చు. గ్రూపులోనే బ్లౌజులకు, డ్రెస్సులకు, మగ్గానికి, మెషిన్ రిపేర్లకు వేరు వేరు టాపిక్‌లు పెట్టుకోవచ్చు, పాత జవాబు వెతికితే దొరుకుతుంది. అందరినీ అక్కడికి మార్చడానికి రెండు నెలలు పట్టింది. ఒక్కొక్కరికి ఫోన్ చేసి, ఆ సెట్టింగ్ మార్చేదాకా లైన్‌లోనే ఉన్నాను. పెద్దవాళ్లు కొందరు "మాకు గదంత రాదు బిడ్డా" అని ఆగిపోయారు. ఈ పని మొదటి రోజే చేసి ఉంటే నంబర్ల గొడవతో మానేసిన ఆ ఐదుగురు ఈరోజు నాతో ఉండేవారు.

అపోహ: చేరేవాళ్లు పెరిగితే చాలు, ఆదాయం పెరిగినట్టే.

దీని మీద ఒక నోట్‌బుక్ తీసి లెక్క రాయండి. వంద మంది ఉన్నారు. నెలకు పది శాతం మంది మానేస్తారనుకోండి. కొత్తవాళ్లు చేరకపోతే ఏడాది తర్వాత మిగిలేది 28 మంది. అదే ఐదు శాతమైతే 54 మంది. రెండు వందల మంది ఉండి పది శాతం పోతుంటే, ఉన్నచోట ఉండడానికే నెలకు ఇరవై మందిని కొత్తగా తేవాలి. ఇంకా రీల్సు, పోస్టర్లు, ఫ్రీ క్లాసులు! ఆ ఓపికేదో ఉన్నవాళ్ల మీద పెట్టడం చవక.

నేను చేసే పని చాలా చిన్నది. కొత్తగా చేరినవాళ్లతో మొదటి వారంలోనే ఒక ఫోటో పెట్టిస్తాను. ఫాల్ కుట్టిన చీర అంచు అయినా సరే. దానికి కనీసం ముగ్గురు సభ్యులు జవాబివ్వాలి. ఇవ్వకపోతే నేనే పక్కన మెసేజ్ పెట్టి "ఆ జనగామ చెల్లెకు ఒక మాట చెప్పరాదె" అని అడుగుతాను. మొదటి వారంలో ఫోటో పెట్టినవాళ్లు నిలబడతారు. పెట్టనివాళ్లు రెండో నెల డబ్బు కట్టేరోజు రాగానే జారుకుంటారు. నోట్‌బుక్‌లో నాకు కనిపించింది ఇది.

అపోహ: ఆటోపే పెడితే మర్చిపోవచ్చు.

యూపీఐ ఆటోపే 2020 నుంచి ఉంది, మంచిదే. ఒకసారి పిన్ కొట్టి ఒప్పుకుంటే, 15,000 రూపాయల లోపు అయితే ప్రతిసారీ పిన్ అడగకుండా డబ్బు కట్ అవుతుంది. కానీ కట్ అయ్యే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ వెళ్లాలన్నది నిబంధన. మా సభ్యుల్లో చాలామందికి యూపీఐ ఉన్నది భర్త ఖాతాలో, భర్త ఫోన్‌లో. ఆ మెసేజ్ ఆయనకు పోతుంది. "గీ 149 ఏంది?" అని ఇంట్లో పంచాయితీ, ఆ సాయంత్రానికే క్యాన్సిల్. మిగతావి ఖాతాలో బ్యాలెన్స్ లేక ఆగిపోతాయి. అందుకే ఇప్పుడు మూడు నెలలకు 399 కూడా పెట్టాను. బతుకమ్మ, దసరా ముందు చేతిలో కుట్టుకూలి డబ్బులున్నప్పుడు వాళ్లే కట్టేస్తారు, ఎవరినీ అడిగే పని లేకుండా.

కోతల సంగతీ తెలుసుకోండి. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ) తీసుకునేది సాధారణంగా 2 శాతం, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్‌టీ. 149లో పోయేది మూడున్నర రూపాయలు. యూట్యూబ్ మెంబర్‌షిప్ అయితే వాళ్లు 30 శాతం ఉంచుకుంటారు, అంటే దాదాపు 45 రూపాయలు. సేవల మీద ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. నేను ఆ దరిదాపుల్లో లేను. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ మాత్రం వేస్తున్నాను.

ధర తక్కువ పెడితే ఎక్కువ మంది వస్తారనేది సగం నిజం. 49 పెట్టినప్పుడు వచ్చారు. వచ్చినవాళ్లు గ్రూప్ తెరిచి చూడలేదు, కానీ డబ్బు వాపస్ అడిగింది ఎక్కువ వాళ్లే. ఇక వీడియోలు దొంగిలిస్తారని భయపడేవాళ్లకు: దొంగిలిస్తారు. నావి వేరే ఛానెల్‌లో కనిపించాయి. రెండు రోజులు ఏడ్చి వదిలేశాను. రాత్రి పదిన్నరకు ఎర్ర గీత గీసే మెట్‌పల్లి వదినెను ఎవరూ డౌన్‌లోడ్ చేసుకోలేరు కదా.

అపోహ: ఆషాఢంలో సభ్యులు తగ్గారంటే గ్రూప్ మునిగిపోయినట్టే.

పెళ్లిళ్లు లేని నెలలో బ్లౌజులు కుట్టేవాళ్లకు పైసలెక్కడివి? మొదటి ఆషాఢంలో మానేసిన వాళ్లందరికీ ఆఫర్లు పంపి విసిగించాను. రెండో ఏడు నుంచి "ఈ నెల ఆపేయండి, శ్రావణంలో మళ్లీ రండి, పాత ధరే" అని మెసేజ్ పెడుతున్నాను. పోయిన ఆషాఢంలో ముప్పై ఒక్క మంది ఆపారు. శ్రావణం మొదటి శుక్రవారానికి ఇరవై ఆరు మంది తిరిగొచ్చారు. అందులో ఒకామె డబ్బు కట్టి, పలకరింపు కూడా లేకుండా నేరుగా హుక్కుపట్టీ ఫోటో పెట్టి "అక్కా, గిది వంకర వస్తంది" అని రాసింది.