కోతులు పట్టుకోలేదు, కణాలూ పట్టుకోలేదు: టీజీఎన్1412 మళ్లీ చర్చకెందుకొచ్చింది?

మందుల పరీక్షల్లో జంతువులు అవసరమా అన్న రగడ మళ్లీ రాజుకుంది. మోనోక్లోనల్ యాంటీబాడీ మందులతో (ఒకే లక్ష్యాన్ని పట్టుకునేలా ల్యాబ్‌లో తయారుచేసే ప్రొటీన్లు ఇవి) మొదలుపెట్టి, జంతు పరీక్షలు తప్పనిసరి అన్న నిబంధనను దశలవారీగా తీసేస్తామని అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. వాటి బదులు ల్యాబ్‌లో మనిషి కణాల మీద, చిప్ మీద పెంచిన కణజాలం మీద, కంప్యూటర్ నమూనాల మీద పరీక్షలు జరపొచ్చంటోంది. ఈ వాదనలో జంతు పరీక్షలు వద్దనేవాళ్ల నోట పదేపదే వినిపించే పేరు టీజీఎన్1412, ఇదీ అలాంటి యాంటీబాడీ మందే. నిజంగా చూడాల్సింది 2006 మార్చి 13న లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఏం జరిగిందన్నది. అంతకన్నా ముఖ్యం, ఆ తర్వాత ల్యాబుల్లో ఏం తేలిందన్నది.

ఆ రోజు ఎనిమిది మంది ఆరోగ్యవంతులైన యువకులు ట్రయల్‌లో చేరారు. ఆరుగురికి జర్మనీ కంపెనీ టెజెనెరో తయారు చేయించిన ఈ యాంటీబాడీ ఎక్కించారు, ఇద్దరికి ఉత్తుత్తి మందు. ఒకరికి, మరొకరికి మధ్య తేడా కొన్ని నిమిషాలే. మొదటివాళ్లకు ఏమవుతుందో చూసేలోపే అందరికీ మందు ఎక్కేసింది. గంటన్నర తిరక్కుండానే తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు మొదలయ్యాయి, బీపీ పడిపోయింది. రాత్రికల్లా ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతిన్నాయి. రోగనిరోధక కణాలు వదిలే సైటోకైన్లు అనే సంకేత ప్రొటీన్లు ఒక్కసారిగా పొంగి సొంత ఒంటినే దెబ్బతీయడమన్నమాట, సైటోకైన్ తుపాను అంటే ఇదే. ఆరుగురూ బతికి బయటపడ్డారు కానీ, ఒకరు వేళ్లు పోగొట్టుకున్నారు.

వాళ్లకిచ్చిన డోసు కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాము. అంతకుముందు కోతులకు కిలోకి 50 మిల్లీగ్రాముల దాకా, అంటే 500 రెట్లు ఇచ్చినా పెద్దగా ఏమీ కాలేదు. మందు తయారీలో గానీ, డోసు కొలతలో గానీ పొరపాటు లేదని విచారణలో తేలింది. జంతు పరీక్షలు వద్దనేవాళ్లు ఈ లెక్క చెప్పి కథ ముగిస్తారు. ‘చూశారా, కోతి మనిషి కాదు’ అంటారు. మాట నిజమే. అయితే కథ అక్కడితో అయిపోలేదు.

ఈ మందు టి-కణాల (రోగాలతో పోరాడే ఒక రకం తెల్లరక్తకణాలు) మీదుండే సీడీ28 అనే ప్రొటీన్‌ను పట్టుకుని, మరే సంకేతమూ అవసరం లేకుండా వాటిని రెచ్చగొడుతుంది. ఆ ప్రొటీన్‌లో మందు పట్టుకునే భాగం మనిషిలోనూ పరీక్షలకు వాడిన జాతి కోతిలోనూ అచ్చంగా ఒకటే. కోతిని నమ్మడానికి కారణమదే. అసలు తేడా ఆ ప్రొటీన్ ఏ కణం మీద ఉందన్న దాంట్లో దాగుంది. పాత ఇన్ఫెక్షన్లను గుర్తుపెట్టుకుని వెంటనే విరుచుకుపడే ఒక రకం టి-కణాలు ఆ కోతుల్లో సీడీ28ని వదిలేసుకుంటాయి, మనిషిలో ఉంచుకుంటాయి. బ్రిటన్ జీవ ఔషధ ప్రమాణాల సంస్థ శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టేసరికి 2010 వచ్చింది.

వాళ్లే 2007లో ప్రచురించిన ఇంకో ఫలితం ఇవాళ్టి గొడవకు మరీ దగ్గరిది. మనిషి రక్తంలోంచి తీసిన తెల్లకణాలకు టీజీఎన్1412 ద్రావణం కలిపితే అవి దాదాపు స్పందించలేదు. అంటే కోతి ఎంత మోసం చేసిందో, ప్లాస్టిక్ ప్లేటులోని మనిషి కణమూ అంతే మోసం చేసింది. మందును ప్లేటు గుంటల అడుగున ఆరబెట్టి, అది అతుక్కున్నాక కణాలు వేశారు. అప్పుడు సైటోకైన్లు పొంగుకొచ్చాయి. అదే కణం, అదే మందు. మందును అందించిన తీరొక్కటే మారింది.

2011లో జర్మనీ పరిశోధకులు మరో కిటుకు కనిపెట్టారు. కణాలను రెండు రోజుల పాటు కిక్కిరిసినట్టుగా పెంచి, ఆ తర్వాత మందు కలిపితే ద్రావణంలోనే స్పందన కనిపించింది. కణజాలంలో టి-కణం చుట్టూ ఉన్న కణాలను ఎప్పుడూ తాకుతూ ఉంటుంది, ఆ తాకిడే దాన్ని సిద్ధంగా ఉంచుతుంది. రక్తంలోకి వచ్చాక ఆ సన్నద్ధత తగ్గిపోతుంది. రక్తం తీయడం తేలిక కాబట్టి ల్యాబులన్నీ మగతలో ఉన్న కణాలనే పరీక్షిస్తూ వచ్చాయన్నమాట.

జంతు పరీక్షలు ఉండాలనే రెండో శిబిరం టాక్సికాలజీ వాళ్లది, అంటే మందుల విషప్రభావాన్ని అధ్యయనం చేసేవాళ్లది. మొత్తం శరీరంలో మందు ఎలా తిరుగుతుంది, లివర్ దాన్ని ఏం చేస్తుంది అన్నది ఏ ప్లేటూ చెప్పలేదంటారు వాళ్లు. అదీ కాదనలేం. 2022 డిసెంబర్‌లో అమెరికా తెచ్చిన చట్టాన్ని చాలామంది జంతు పరీక్షల మీద నిషేధం అనుకున్నారు. నిజానికి అది తప్పనిసరి అన్న షరతును చట్టంలోంచి తీసేసింది, అంతే. అదే ఏడాది లివర్ చిప్ (చిన్న చిప్ మీద పెంచిన మనిషి లివర్ కణాలు) మీద వచ్చిన అధ్యయనాన్ని కొత్త పద్ధతుల వాళ్లు జెండాలా ఎగరేస్తున్నారు. 27 మందులు పరీక్షిస్తే, లివర్‌ను దెబ్బతీసేవాటిలో 87 శాతాన్ని ఆ చిప్ పట్టుకుంది. మంచి ఫలితమే. కానీ అవన్నీ ఫలానాది హానికరం, ఫలానాది కాదని ముందే తేలిన మందులు. పైగా అధ్యయనాన్ని ముందుండి నడిపింది ఆ చిప్ తయారుచేసే కంపెనీయే. టీజీఎన్1412 లాంటి కొత్త మందు వచ్చినప్పుడు దాని ప్రమాదం ఏ కణంలో దాగుందో ముందే ఎవరికీ తెలియదు.

ఇంతకీ ఆ మందు ఏమైంది? టెజెనెరో 2006లోనే దివాలా తీసింది. మందు మాత్రం పోలేదు. టీఏబీ08 అనే కొత్త పేరుతో రష్యాలో మళ్లీ మనుషులకిచ్చారు. ఈసారి మొదటి డోసు లండన్ డోసులో వెయ్యో వంతు. ఎంత డోసు దగ్గర హానికర సైటోకైన్లు మొదలవుతాయో, ఎంత దగ్గర రోగనిరోధక స్పందనను అదుపులో ఉంచి మేలు చేసే నియంత్రణ టి-కణాలు మాత్రమే స్పందిస్తాయో ఆ కిక్కిరిసిన కణాల పరీక్షలోనే చూసుకున్నారు. వలంటీర్లలో తుపాను రేగలేదు.