కథలు రాసేవాళ్ళ గురించి అపోహలు - వాస్తవాలు

నేను విశాఖపట్నంలో పోస్టాఫీసు ఉద్యోగిని. కథలు రాయడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు దాటింది. రెండు సంపుటాలు వచ్చాయి, మూడోది డీటీపీలో ఉంది. నెలకో ఆదివారం కొత్తగా రాస్తున్న పిల్లలు ఏడెనిమిది మంది మర్రిపాలెంలో మా ఇంటికి వస్తారు. డాబా మీద చాపలేసుకుని ఒకరి కథ ఒకరం చదువుకుంటాం. వాళ్ళు కథలతో పాటు కొన్ని నమ్మకాలు కూడా వెంట తెచ్చుకుంటారు. ఎవరో చెప్పినవి కొన్ని, సినిమాల్లో చూసినవి కొన్ని. వాటిని నమ్మి, మంచి చెయ్యి ఉన్న పిల్లలు మధ్యలో రాయడం మానేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇదంతా ఒకచోట పెడుతున్నాను.

అపోహ: రాయడం పుట్టుకతో రావాలి. గొప్పవాళ్ళు కలం పట్టుకుంటే చాలు, అదే వచ్చేస్తుంది.

మన పక్క ఊరి సంగతే చూడండి. విజయనగరంలో గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. పేరొచ్చింది. అక్కడితో ఆయన ఊరుకోలేదు. మళ్ళీ ముందేసుకుని కూర్చున్నారు. 1909లో వచ్చిన రెండో కూర్పు ఇంచుమించు కొత్త నాటకం. ఇవాళ మనం చదువుకునేదీ, రంగస్థలం మీద చూసేదీ ఆ రెండోదే. అంతటి మనిషే తిరగరాశారంటే, మొదటిసారి రాసిందే బాగా రావాలని మనం ఎందుకు బెంగపడాలి?

నా నోటుబుక్కులోంచి ఒకటి చూపిస్తాను. భర్త పోయిన పదిరోజులకి ఒకావిడ ఇంట్లో ఒంటరిగా ఉండే కథ అది. మొదట రాసిన వాక్యం: "ఆమె తీరని దుఃఖంతో కిటికీలోంచి సముద్రం వైపు చూస్తోంది." ఏడోసారి రాసేసరికి ఇలా అయింది: "పాల ప్యాకెట్లు రెండు తెచ్చింది. ఒకటి కత్తిరించి, రెండోది చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది." దుఃఖం అన్న మాట పోయింది, సముద్రం కూడా పోయింది. రెండో పాల ప్యాకెట్ మిగిలింది. దాని దగ్గరికి చేరడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో పుట్టుకతో వచ్చిందేమీ లేదు. ప్రతిసారీ చదివి, ఇక్కడ అబద్ధం చెబుతున్నాను అని గుర్తుపట్టి కొట్టేయడమే.

అపోహ: మూడ్ రావాలి.

వేళకి కూర్చోవాలి. మాకు కుళాయి నీళ్ళు ఆరింటికి వస్తాయి. ఆ తర్వాత బిందెలు, టిఫిన్లు, క్యారేజీలు, ఆఫీసు. నాలుగున్నర నుంచి ఆరు దాకా నాది. కొన్నాళ్ళు ఆ గంటన్నరలో నాలుగు లైన్లే వస్తాయి. రానీండి. ఆడపిల్లలకి ఈ మాట మరీ మరీ చెబుతాను: ఇంట్లో వాళ్ళు మీకు టైమిస్తారని ఎదురుచూడకండి, ఒక వేళ ఎంచుకుని అది మీదని గట్టిగా చెప్పండి. మొదట్లో విసుక్కుంటారు. ఏడాది గడిచాక "అమ్మ రాసుకుంటోంది, అల్లరి చెయ్యకండి" అని వాళ్ళే అంటారు.

అపోహ: నిజమైన రచయిత ఉద్యోగం మానేసి రాతమీదే బతకాలి.

ఈ మాట నమ్మి ఒకబ్బాయి ఉద్యోగం వదిలేస్తానన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు ఈ ఊళ్ళోనే ప్లీడరు. కోర్టు వరండాల్లో ఆయన చూసిన మనుషులే కథల్లోకి నడిచొచ్చారు. కాళీపట్నం రామారావు (కారా) మాస్టారు ముప్పై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళోనే బడిపంతులుగా చేశారు. వాళ్ళు చేసిన కొలువు వాళ్ళ రాతకి అడ్డం రాలేదు. మనుషుల్ని దగ్గరగా చూసే చోటు అదే ఇచ్చింది.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. నా మొదటి కథకి పారితోషికం నూట యాభై రూపాయలు. మనియార్డరు మా ఆఫీసుకే వచ్చింది. పక్క సీటు ఆవిడ నా చేత సంతకం పెట్టించుకుని ఇచ్చింది. ఆ నోట్లు చాలాకాలం ఖర్చుపెట్టలేదు. ఇప్పుడు ఆదివారం అనుబంధాలు అంతకన్నా నయంగానే ఇస్తున్నాయి గానీ, 2020 లాక్‌డౌన్ తర్వాత కొన్ని వారపత్రికలు అచ్చు ఆపేశాయి. కథ పంపడానికి చోట్లు తగ్గాయి.

పుస్తకం వేయడం ఇంకో లెక్క. నా మొదటి పుస్తకం 160 పేజీలు. 2012లో 500 కాపీలు వేశాను, వెల 120 రూపాయలు. అమ్మిపెట్టే వాళ్ళకి 40 శాతం కమీషన్ పోగా నా చేతికి కాపీకి 72. సమీక్షకి రెండేసి, తోటి రచయితలకి ఒకటి, బంధువులకి ఒకటి, ఇలా 150 కాపీలు ఊరికే పోయాయి. రెండేళ్ళలో అమ్ముడైనవి 210. అంటే చేతికొచ్చింది 15,120 రూపాయలు. అచ్చుకి పెట్టినదాంట్లో సగం కూడా కాదు. మిగిలిన 140 కాపీలు కట్టలు కట్టి మంచం కింద పెట్టుకున్నాం. వాటి గురించి మళ్ళీ చెబుతాను.

కాబట్టి పుస్తకం కోసం అప్పు చెయ్యకండి. నగలు అసలే ముట్టుకోకండి. ఇప్పుడు యాభై, వంద కాపీలు కూడా వేసిచ్చే డిజిటల్ ప్రెస్సులున్నాయి. కాపీకి ఖర్చు కొంచెం ఎక్కువ పడినా మంచం కింద భయం ఉండదు.

అపోహ: తిరిగొచ్చిన కథ పనికిరాని కథ.

అప్పట్లో కథతో పాటు స్టాంపులంటించిన తిరుగు కవరు, ఇది నా సొంత కథ, ఎక్కడా అచ్చుకాలేదు, ఎవరి పరిశీలనలోనూ లేదు అని హామీపత్రం పెట్టాలి. పొద్దున్న సార్టింగులో నా చేతిరాతతో ఉన్న నా కవరు నా చేతికే వచ్చేది. పట్టుకోగానే బరువు తెలిసేది. బరువుగా ఉంటే కథ తిరిగొచ్చినట్టు. అందరి ముందూ దాన్ని నా వీధి కట్టలో పెట్టి, సాయంత్రం ఇంట్లో పోస్ట్‌మ్యాన్ ఇచ్చినట్టు తీసుకునేదాన్ని. అలా నాలుగు చోట్ల నుంచి వచ్చేసిన కథ అయిదోచోట అచ్చయింది. ఒక్క అక్షరం మార్చలేదు. అయిదో ఎడిటరు అభిరుచి వేరు, అంతే. మూడుసార్లు తిరిగొచ్చిన మరో కథ మాత్రం నిజంగానే బాగాలేదు. ఏది ఏదో తెలియాలంటే రెండు నెలలు పక్కన పెట్టి, పరాయివాళ్ళ కథ చదివినట్టు చదవండి.

ఇప్పుడు మెయిల్లో పంపుతున్నాం కాబట్టి జవాబే రాని బాధ ఎక్కువ. మూడు నెలలు చూసి, వెనక్కి తీసుకుంటున్నానని మర్యాదగా ఒక ముక్క రాసి, వేరే చోటికి పంపుకోండి. ఒకే కథ ఒకేసారి రెండు చోట్లకి మాత్రం పంపవద్దు.

అపోహ: కథే కదా, కల్పనే కదా, నిజాలతో పనేముంది?

నేను తిన్న పెద్ద దెబ్బ ఇదే, నాకు దక్కిన పెద్ద పాఠం కూడా ఇదే. ఫిషింగ్ హార్బర్ చుట్టూ ఒక కథ రాశాను. అందులో ఒక సరంగు, అంటే బోటు నడిపేవాడు, మే నెల మధ్యలో మరబోటు మీద వేటకెళ్ళి తిరిగి రాడు. పత్రికలో వచ్చింది, ఫొటో కూడా వేశారు. వారం తర్వాత నెలనెలా ఆర్డీ పొదుపు కట్టడానికి వచ్చే ఒక పెద్దాయన కౌంటరు దగ్గర నిలబడి, పాస్‌బుక్ ఇస్తూ మెల్లిగా అడిగాడు: "ఏటమ్మా, మే నెల్లో మా బోటుని ఏటకి తోలీసినావు? అప్పుడు ఏట బందు కదా?" మనవరాలు చదివి వినిపించిందట.

చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు. ఇప్పుడది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. పుట్టిపెరిగిన ఊళ్ళో, రోజూ చేపల కూర తింటూ నాకు ఆ సంగతి తెలియదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన మాత్రం కోప్పడలేదు. "ఓ పాలి రేవుకి రాయే, సూపిస్తాను" అన్నాడు.

వెళ్ళాను. జెట్టీ పొడుగునా బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. ఇంజన్లు విప్పి పెట్టారు, చెక్కకి రంగులేస్తున్నారు, నీడపట్టున కూర్చుని వలలు బాగుచేస్తున్నారు. సముద్రం మీద బతికే మగాడు రెండు నెలలు ఇంటిపట్టున ఉంటే ఆ ఇంట్లో ఏమవుతుందో ఆడవాళ్ళు చెప్పారు. కోడిగుడ్లు లెక్కపెట్టి వండటం, తాకట్టులోకి వెళ్ళే ముక్కుపుడక, ఊరికే కూర్చుంటే మనిషికి వచ్చే చిరాకు. పుస్తకంలో వేసేటప్పుడు ఆ కథ మొత్తం మార్చాను. సరంగు సముద్రంలో పోలేదు. ఇంట్లోనే ఉన్నాడు. కథ అరుగు దాటలేదు. ఇప్పటికీ ఎవరైనా నా కథ పేరు చెబితే ఎక్కువసార్లు చెప్పేది దాన్నే.

యాస గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మాటల్ని వంకర తిప్పి రాస్తే ఉత్తరాంధ్ర యాస అయిపోతుందని కొందరు అనుకుంటారు. "వచ్చేశాడు" మా వైపు "ఒచ్చీసినాడు" అవుతుంది, "వెళ్ళిపోయింది" "ఎలిపోనాది" అవుతుంది. దానికో పద్ధతి ఉంది, వ్యాకరణం ఉంది. నవ్వించడానికి మాత్రమే యాసని వాడితే అది మాట్లాడే మనిషిని కించపరిచినట్టే. పూర్ణా మార్కెట్లో ఒక గంట నిలబడి వినండి. రాసుకోనక్కర్లేదు, వినండి చాలు.

అపోహ: పత్రికలో పడితే కథ మీద హక్కు వాళ్ళదే. కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయించకపోతే మనకేమీ ఉండదు.

రెండూ తప్పే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. దాన్ని ఎవరికైనా రాసివ్వాలంటే కాగితం మీద మీ సంతకం ఉండాలి. ఎన్నేళ్ళకి అన్నది అందులో రాయకపోతే అయిదేళ్ళకే. ఎక్కడెక్కడికి అన్నది రాయకపోతే మన దేశం వరకే. అందుకే సంతకం పెట్టేముందు ప్రతి లైనూ చదవండి. ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు విడివిడిగా రాయమని అడగండి. నా కథ ఒకటి ఎవరో చదివి ఆడియోగా పెట్టేశారు, పేరు కూడా లేకుండా. అచ్చయిన పేజీ ఫొటో తీసి పంపితే మర్నాటికల్లా పేరు పెట్టారు. అచ్చయిన ప్రతిదాని కాపీ తేదీతో సహా దాచుకోండి.

అపోహ: అచ్చుతప్పులు ప్రెస్సు వాళ్ళ పని.

పుస్తకం మీద ఉండేది మీ పేరు. యూనికోడ్‌లో టైపు చేసిన కథని ప్రెస్సు ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి. నా మొదటి పుస్తకంలో ఒక పేజీలో "కథ" కాస్తా "కధ" అయింది. "అర్థం కాలేదు" అన్నచోట "అర్ధం కాలేదు" అని పడింది, అంటే సగం కాలేదని. అచ్చుకి ముందు దిద్దడానికిచ్చే ప్రూఫులు కనీసం మూడు చూడండి. మూడోది మీరు కాక వేరేవాళ్ళు చూడాలి, ఎందుకంటే మన కళ్ళు మన తప్పుల్ని దాటేస్తాయి.

అపోహ: రచయిత అంటే అయినవాళ్ళందరికీ గర్వం.

ఒక కథ వచ్చాక మా ఆడపడుచు మూడేళ్ళు నాతో మాట్లాడలేదు. "నా గురించే రాశావు కదా వదినా" అంది. ఆ పాత్రలో ఆవిడ గొంతు నిజంగానే ఉంది, కాదనలేను. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ఒక మనిషి బతుకు మొత్తంగా ఎత్తి పెట్టను. ఊరు మార్చి, వయసు మార్చి, ఇద్దరు ముగ్గురిని కలుపుతాను. అయినా కొందరు నొచ్చుకుంటారు. ఈ పనిలో ఉన్న అసలు కష్టం నాకు డబ్బు కాదు, ఇదే.

అపోహ: అవార్డు వస్తేనే కష్టానికి ఫలితం.

వస్తే సంతోషమే. నాకూ ఒకటి రెండు చిన్నవి వచ్చాయి. కానీ శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయానికి వెళ్ళినప్పుడు, మూతపడ్డ ఒక వారపత్రిక పాత సంచికలో, నా దగ్గర కూడా లేని నా కథ కనిపించింది. ఆ బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఇక ఆ 140 కాపీలు. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. ఆ తుపానుకి కిటికీ అద్దాలు పగిలి గదుల్లోకి నీళ్ళొచ్చేశాయి. మర్నాడు ఎండ కాసింది. తడిసిన పుస్తకాలన్నీ డాబా మీద ఆరబెట్టాను. రొట్టెల్లా ఉబ్బిపోయాయి. కరెంటు లేదు, టీవీ లేదు, ఫోన్లు లేవు. పక్కింటి మామ్మగారు పిట్టగోడ మీంచి చూసి, ఏం తోచడం లేదు ఒకటి ఇవ్వమ్మా అని అడిగారు. ఆవిడకి చూపు ఆనదు. రాత్రి కొవ్వొత్తి పెట్టుకుని మనవడు చదువుతుంటే, కిటికీ తలుపులు ఎగిరిపోయాయి కాబట్టి, మాకు స్పష్టంగా వినిపించింది. వాడు ఒత్తుల దగ్గర తడబడితే "మళ్ళీ చదువు" అంటున్నారావిడ.

మూడో రోజు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కందిపప్పు డబ్బాలో డబ్బు దాచుకునే ఒక తల్లి కథ ఉంది అందులో. మా అమ్మని తలుచుకుని రాసింది.

"పప్పు డబ్బా సంగతి నీకెవరు చెప్పారే? యాభై ఏళ్ళనుంచి నేనెవరికీ చెప్పలేదు" అన్నారు.

మా అమ్మ గురించి చెప్పాను. మా అరుగు మీద కూర్చుని ఆవిడ ఆ డబ్బు ఎందుకు దాచారో చెప్పుకొచ్చారు. ఆఫీసు లేదు కాబట్టి మధ్యాహ్నం దాకా విన్నాను. మిగతా పుస్తకాలు పాత కాగితాలవాడికి వేసేశాం. ఆ ఒక్కటి ఇంకా వాళ్ళింట్లో టీవీ పక్కన ఉంది, వెన్ను విడిపోయి, దారంతో కట్టి.

వచ్చే ఆదివారం కూడా డాబా మీద కలుస్తున్నాం. వచ్చేవాళ్ళు కథ రెండు కాపీలు తీయించి తెచ్చుకోండి, ఒకటి మీకు, ఒకటి పెన్సిలు పట్టుకునేవాళ్ళకి.