తూము మూసి కాలువ తెరిస్తే

బీపీకి మాత్ర వేసుకునేవారు అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) వేసుకోవచ్చా? ఏ బీపీ మాత్ర అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

రక్తనాళం గోడలోని కండరం వదులవ్వాలంటే అక్కడ సీజీఎంపీ అనే పదార్థం పోగవ్వాలి. అది చెరువులో నీళ్లనుకోండి. నీళ్లు తెచ్చే కాలువ నైట్రిక్ ఆక్సైడ్. (ఈ వాయువు గుట్టు విప్పినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చిందీ, సిల్డెనాఫిల్‌కు అమెరికాలో అనుమతి దొరికిందీ 1998లోనే.) నీళ్లు పోయే తూము పీడీఈ5 అనే ఎంజైము. సిల్డెనాఫిల్, అదే పనికి వాడే టడలాఫిల్ ఆ తూము మూస్తాయి, అంతే. కాలువ పారకపోతే చెరువు నిండదు. అందుకే కోరిక లేకుండా మాత్ర మింగి కూర్చుంటే ఏమీ జరగదు.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్లు కాలువను ఒళ్లంతా బార్లా తెరుస్తాయి. తూము మూసి ఉండగా ఇది జరిగితే కట్ట తెగినట్టే: బీపీ దభాలున పడిపోతుంది, గుండెకే రక్తం చాలదు. మోతాదు తగ్గించి సర్దుకునే బేరం కాదిది. గుండెనొప్పికే వాడే నికోరండిల్‌దీ ఇదే దారి. సిల్డెనాఫిల్ మింగాక 24 గంటలు, టడలాఫిల్ మింగాక 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. సిల్డెనాఫిల్ రక్తంలో సగానికి తగ్గేందుకు సుమారు 4 గంటలు చాలు, టడలాఫిల్‌కు 17.5 గంటలు కావాలి. ఛాతీనొప్పితో ఆస్పత్రికి వెళ్తే ఏ మాత్ర, ఎన్ని గంటలకు మింగారో ముందే చెప్పాలి. సిగ్గుకు అది చోటు కాదు.

బీపీ మాత్ర అమ్లోడిపిన్ ఈ చెరువు జోలికి రాదు, కాల్షియం దారిన పనిచేస్తుంది. కాబట్టి ఇక్కడ ఉత్త కూడికే: 100 మి.గ్రా. సిల్డెనాఫిల్ తోడైతే సగటున పై అంకె మరో 8, కింది అంకె 7 తగ్గాయి. బీపీకి వాడే ప్రజోసిన్, ప్రోస్టేట్‌కు వాడే టాంసులోసిన్‌లతో మాత్రం జాగ్రత్త. లేచి నిలబడగానే నాళాలు బిగుసుకోవాలి, ఇవి ఆ బిగింపునే ఆపుతాయి. వీటికి ఒళ్లు అలవాటు పడ్డాకే డాక్టర్లు సిల్డెనాఫిల్‌ను 25 మి.గ్రా.తో మొదలుపెడతారు.

ఇక రెండో రకం మందు. టడలాఫిల్‌తో కిలో బరువుకు 0.7 గ్రాముల ఆల్కహాల్ ఇచ్చి చూసిన పరీక్షలో కొందరికి నిలబడితే బీపీ పడిపోయింది, కొందరికి కళ్లు తిరిగాయి. 0.6 గ్రాములకు అలా కాలేదు. 42.8 శాతం విస్కీ క్వార్టర్‌ను లెక్కేయండి: 180 × 0.428 × 0.789, అంటే దాదాపు 61 గ్రాములు. 60 కిలోల మనిషికి కిలోకు గ్రాము! సారా నాళాలను వదులు చేస్తుంది, మూత్రంగా నీటిని లాగేస్తుంది. అర్ధరాత్రి బాత్‌రూమ్‌కు లేచినప్పుడు పడిపోయేది ఇందుకే. పైగా ఎక్కువ తాగితే అసలు పనే చెడుతుంది. సిల్డెనాఫిల్ 50 మి.గ్రా.తో చేసిన మద్యం పరీక్షలో బీపీ అదనంగా పడలేదు, కానీ అందులో ఉన్నది ఆరోగ్యవంతులు.

‘మూలికల’ పేరుతో అమ్మే శక్తి పొడుల్లో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపి దొరికిపోయినవి చాలా ఉన్నాయి. అలాంటిది తిన్నవారు “ఇంగ్లీషు మందులేం వాడలేదండీ” అని నిజాయితీగానే చెప్తారు. అది నమ్మి డాక్టర్లు నాలుక కింద సార్బిట్రేట్ పెట్టేస్తారు.